పదహారో కుండీ కావలి

భాద్రపద శుద్ధ విదియ, పగటి కావలి

కుండీ శుభ్రం. ఇరుసుకి నూనె వేశాను. పొద్దుటి నుంచి వాన. నడుం పట్టేసింది. మా అమ్మాయి వచ్చింది!

రూలు ప్రకారం ఈ కావలి పుస్తకంలో కుండీ సంగతులే రాయాలి. పోయిన నెల సూపరింటెండెంటు హైమవతిగారు నా పేజీలు తిరగేసి, "ఆదెయ్యగారూ, ఇది కుండీ వివరమా, మీ ఇంటి వివరమా?" అని అడిగారు. "రెండూ ఒకటే అయిపోయాయండి, ఇన్నేళ్లలో" అన్నాను. ఆవిడ నవ్వలేదు. వద్దనీ అనలేదు. అందుకని రాస్తున్నాను. మా తాయారు, మా మంగతాయారు, మెట్ట మీద లెక్కల కాలువల స్కూల్లో చదువు పూర్తి చేసి, డిజైనరై, ఇవాళ పడవ దిగింది. భుజాన కాగితాల గొట్టం, చేతిలో చెప్పులు. రేవులో మోకాటిలోతు నీళ్లున్నాయి మరి. నేను ఐదో తరగతి దాకా చదివినవాణ్ణి. నా కూతురు గీసిన గీతల మీద కుండీలు తూగుతాయట! ఈ వాక్యం రాసి రెండుసార్లు చదువుకున్నాను. మూడోసారి కూడా చదువుకున్నాను.

నా తర్వాత ఈ బల్ల మీద కూర్చునేవాళ్లు చదువుకోవాలి కనక పని కూడా రాయాలి. గట్టు వాలు మీద ఒకదాని కింద ఒకటి ఇరవై నాలుగు కుండీలున్నాయి. ఒక్కో కుండీ ఒక్కో ఇరుసు మీద ఊగుతుంది. ఒక చెంబు నీళ్లు పడితే కదలదు. రెండో చెంబు పడితే ముందుకి తూగి, సగం నీళ్లు వృథా కాలువలోకి, సగం కింది కుండీలోకి పోసేసి, ఖాళీగా మళ్లీ నిలబడుతుంది. కిందికి పోయే ఆ చెంబునే మేం మిగులు అంటాం. అన్నిటికన్నా పైనున్న కుండీలో చెంబుడు నీళ్లుంటే దాని విలువ ఒకటి. దాని కిందది రెండు, ఆ కిందది నాలుగు, ఆ కిందది ఎనిమిది. అలా రెట్టింపవుతూ వచ్చి, పదహారోదైన నా కుండీ విలువ ముప్పై రెండు వేల ఏడు వందల అరవై ఎనిమిది. ఇక్కడ ఎవరినీ పేరు పెట్టి పిలవరు. నా పై బల్ల మీది అబ్బులు "పదహారువేలు". పై చివరనున్న ముసలావిడ "ఒకటమ్మ". నేను "ముప్పై రెండువేలు".

ఒక సంఖ్య కుండీల్లో ఉంటుంది. గంట కొట్టగానే పక్క తూముల్లోంచి ఇంకో సంఖ్య వచ్చి వాటిలో పడుతుంది. కుండీలు తూగి, తూగి, సద్దుకుంటాయి. అప్పుడు నీళ్లున్న కుండీ మీద బెండు తేలి జెండా లేస్తుంది. జెండాలు చదివితే మొత్తం తెలుస్తుంది. అంతే కూడిక.

కాకపోతే సద్దుకునేదాకా కాచుకోవాలి. పైన ఒకటమ్మ కుండీ తూగితే ఆ మిగులు ఒక్కొక్క కుండీనే తోసుకుంటూ అడుగుదాకా రావచ్చు. మధ్యలో ఎక్కడో ఆగిపోనూ వచ్చు. ఎవరికీ తెలియదు. అందుకని ప్రతి కూడికకీ, అది ఎంత చిన్నదైనా, మిగులు పైనుంచి అడుగుదాకా నడిచేంత సేపు చుక్కల గడియారం కారుతుంది. అది ఖాళీ అయ్యాకే మళ్లీ గంట. వస్తుందేమోనని కూర్చోవడం నా ఉద్యోగం. చాలాసార్లు రాదు. మోసే పనిలో కూడా ఇంత అలుపు ఉండదు.

ఇంకొక్కటే పని. గాలికో, కాకి వాలితేనో కుండీ పక్కకి ఒరుగుతుంది. అప్పుడు చటుక్కున పట్టుకుని నిలబెట్టాలి. ఈ బల్ల మీద కూర్చునేవాడికి నేర్పే మొదటి పాఠం అది. నిద్రలో కూడా నా చెయ్యి లేస్తుందని మా ఆవిడ సుభద్ర అంటుంది.

శుద్ధ చవితి, సెలవు

సెలవు రోజున వివరం రాయనక్కర్లేదు. అయినా ఉండబట్టలేక రాస్తున్నాను.

ఇంట్లో నీళ్లు మంచం కోళ్ల సగానికొచ్చాయి. కింది పేట మొత్తం ఇంతే. ఊరు సముద్రం కన్నా పల్లంలో ఉంది. చుట్టూ గట్టు, గట్టుకి పన్నెండు తలుపులు. ఆటు వేళ సముద్రం తగ్గగానే తలుపులెత్తి లోపలి వాననీళ్లు వదలాలి. పోటు తిరిగేలోగా దించెయ్యాలి. ఒక్కో తలుపు ఎంత ఎత్తాలో తేలడానికి మా కాలువ మీద బోలెడు కూడికలు. ఒక ఆటులో ఆరు తలుపుల లెక్క పూర్తయ్యేసరికి సముద్రం మళ్లీ పెరుగుతుంది. కింది పేట తలుపులు ఏడు నుంచి పన్నెండు. మా వంతు రావడం లేదు.

కాగితం మీద కూడెయ్యొచ్చుగా అని పొరుగూరివాళ్లు అడుగుతారు. పాత కంప్యూటర్ల చిప్పులన్నీ చచ్చిపోయిన కొత్తలో అలాగే కూడేవారు. నిద్రలేని గుమస్తా ఒకాయన ఎక్కడో చేతిలో ఒకటి మర్చిపోయాడు. తొమ్మిదో తలుపు ఎక్కువ లేచింది. ఆ రోజు పోయినవాళ్ల పేర్లు గట్టు మీద రాతిపలకలో ఉన్నాయి. అప్పటి నుంచి మనిషి చేతి లెక్కకి ఇక్కడ తలుపు కదలదు.

ఇవాళ మంచం మీదే పొయ్యి పెట్టి సుభద్ర ఉండ్రాళ్లు చేసింది. తాయారు నాలుగు గ్లాసులు వరసగా పెట్టి, ఒక్కోదాంట్లో ఒక్కో ఉండ్రం వేసింది.

"నాన్నా, ఇవి నాలుగు కుండీలు. తలో చెంబూ ఉంది. పైనుంచి ఒక మిగులొచ్చిందనుకో. ఏమవుతుంది?"

"ఏమవుతుందమ్మా, నాలుగూ వరసగా తూగుతాయి. నాలుగూ ఖాళీ అయిపోతాయి. ఐదోదానికి ఒక చెంబు పోతుంది."

"ఒకదాంట్లో లేదనుకో?" అని మూడో గ్లాసులో ఉండ్రం తీసి నోట్లో వేసుకుంది.

"అక్కడ ఆగిపోతుంది."

"ఈ సంగతి మిగులు రాకముందు చెప్పావా, వచ్చాక చెప్పావా?"

నేను గ్లాసులకేసి చూశాను. "రాకముందే."

"మరి తెలిసిన సంగతి కోసం అంతంతసేపు ఎందుకు కూర్చుంటున్నారు నాన్నా మీరందరూ?"

దేవుడి దయవల్ల మంచం మీద ఉన్నాను. లేకపోతే నీళ్లలో కూలబడేవాణ్ణి. ఇన్నేళ్లు! ఇన్ని వానలు! నాలుగేసి కుండీలని ఒక గుంపు చేస్తుందట. నాలుగింటిలోనూ నీళ్లున్నాయని నాలుగు బెండ్లూ చెబితే ఒక చెక్క పక్కకి జరుగుతుందట. అప్పుడొచ్చిన మిగులు కుండీల్లోకి పోకుండా వెదురు గొట్టంలోంచి సూటిగా కింది గుంపుకి వెళ్లిపోతుందట. వెళ్తూ వెళ్తూ ఒక తాడు లాగుతుంది. ఆ తాడుకి నాలుగు కుండీలూ ఒక్కసారే ఖాళీ అయిపోతాయి. ఇరవై నాలుగు కుండీల దారి సగానికి సగం తగ్గుతుంది. ఒకే ఆటులో పన్నెండు తలుపులూ!

"బంగారుతల్లీ!" అని అరిచాను.

"అరవకు, పక్కింట్లో పసిపిల్ల పడుకుంది" అంది సుభద్ర. "ఆ గ్లాసులు కడిగి పెట్టు తల్లీ. ఉన్నవే నాలుగు."

శుద్ధ నవమి, పగటి కావలి

కుండీ శుభ్రం. వెదురు మోసి భుజాలు వాచాయి. కావలి అయిపోయాక మేమే గొట్టాలు బిగిస్తున్నాం.

హైమవతిగారు ఒప్పుకున్నారు. ఒప్పుకున్నారు అని రాయడం సులువు. మూడు రోజులు కాగితాలు చూశారు, మెట్టకి కబురు పంపారు, జవాబు తెప్పించారు. ఆఖరికి తాయారుని పిలిచి నా బల్ల దగ్గరే నిలబడి చెప్పారు.

"చూడమ్మా, ఎగువన వరద బయల్దేరిందని కబురొచ్చింది. పౌర్ణమి నాడు సముద్రం బాగా వెనక్కి పోతుంది. కింది పేట నీళ్లు వదలడానికి అదొక్కటే ఆటు. అది దాటితే పేట ఖాళీ చేయించమని నాకు ఉత్తర్వు ఉంది. ఖాళీ చేయించడమంటే మళ్లీ రావడం ఉండదు. తెలుసుగా?"

"తెలుసండి. మా ఇల్లు అక్కడే."

"పౌర్ణమి పొద్దున్నే పరీక్ష పెడతాను. అన్ని కుండీల్లోనూ తలో చెంబూ పోయించి, ఒకటమ్మగారి కుండీలో ఇంకొక్క చెంబు. మొత్తం ఖాళీ అవ్వాలి, అడుగున గంట మోగాలి. ఒక్క జెండా నిలబడినా నీ గొట్టాలు పీకించేసి పాత పద్ధతిలోనే లెక్క మొదలుపెడతాను. పై పేట ఆరు తలుపులైనా దక్కాలి కదా."

"అలాగేనండి" అంది మా అమ్మాయి.

ఆవిడ వెళ్లాక అబ్బులు పై బల్ల మీంచి వంగాడు. "బాబాయ్, నీ కూతురు గొప్పదే గానీ, మన పని సగానికి తెగ్గోసేస్తోంది. మిగతా సగం ఏం చేస్తావేటి?"

"పడుకుంటాను."

"ఆయ్, ముప్పై రెండువేలకి నిద్రుంటే పదహారువేలకి అందులో సగం ఉండాలి మరి! న్యాయం చెప్పు."

నవ్వేసరికి నడుం కలుక్కుమంది.

శుద్ధ త్రయోదశి, పగటి కావలి

కుండీలో నాచు. గోకాను. ఇరుసుకి నూనె లేదు, కొబ్బరినూనె ఇంట్లోంచి తెచ్చాను.

ఎన్ని పేజీలు రాసినా ఈ అలుపు ఇందులో పట్టదు. గంట. కూడిక. కూర్చోవడం. గంట. పాదాలు తెల్లగా నానిపోయాయి. ఆ మధ్యలో వెదురు గొట్టాల మీద వానచుక్కలు పడుతూ ఉంటే తల తిప్పి చూసుకుంటాను. మా తాయారు బిగించిన గొట్టాలు! అప్పుడు కాసేపు బాగుంటుంది.

సుభద్ర సామాను మూటలు కడుతోంది. వద్దన్నాను. "నీ కూతురి మీద నమ్మకం లేక కాదు. నా వీపు మీద నమ్మకం లేక. ముందే కడితే ఒకేసారి ఎత్తక్కర్లేదు" అంది. నీళ్లు మంచం పట్టీకి బెత్తెడు కిందిదాకా పెరిగాయి. పక్కింటి పసిపిల్లని ఉట్టిలో పడుకోబెడుతున్నారు. మా పేటవాళ్లు దారిలో కనిపిస్తే తాయారుని ఏమీ అడగరు. అన్నం తిన్నావా అని మాత్రం అందరూ అడుగుతారు. ఆ పిల్ల రోజుకి ఇరవైసార్లు తిన్నానని చెబుతోంది. నిజానికి తినడం లేదు.

పౌర్ణమి, పగటి కావలి

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున్నే అందరం బల్లల మీద కూర్చున్నాం. వాన ఆగింది. గాలి కొంచెం ఉంది. ఇరవై నాలుగు కుండీల్లోనూ తలో చెంబూ పోశాం. ఇరవై నాలుగు జెండాలూ లేచాయి. వాలు పొడుగునా ఎర్ర జెండాలు! అలా అన్నీ ఒకేసారి లేవడం నేనెప్పుడూ చూడలేదు. అడుగున హైమవతిగారు, ఆవిడ పక్కన మా అమ్మాయి. పైన ఒకటమ్మ చెంబు ఎత్తింది.

"పొయ్యమ్మా" అన్నారు హైమవతిగారు.

ఒకటమ్మ పోసింది. నేను నా కుండీనే చూస్తున్నాను, మామూలుగా. పైన చెక్కలు టకటకమన్నాయి. గొట్టంలో నీళ్లు జరజర దిగుతున్న చప్పుడు నా చెవి పక్కనుంచి పోయింది. ఆహా అనుకున్నాను. అంతలో అడుగున గంట మోగింది. అందరూ ఓహో అని అరిచారు. నేనూ అరిచాను. అందరికన్నా గట్టిగా అరిచాను.

అరుపులు ఆగిపోయాయి.

"ఒక జెండా ఉంది" అన్నారు హైమవతిగారు. ఇక్కడి అలవాటు ప్రకారం కుండీ పేరు చెప్పలేదు. విలువ చదివారు. "ముప్పై రెండు వేల ఏడు వందల అరవై ఎనిమిది."

పైన పదిహేను తలలూ కిందికి తిరిగాయి. కింద ఎనిమిది తలలూ పైకి తిరిగాయి. ఏం చూస్తున్నారో అనుకుని నేనూ అటూ ఇటూ చూశాను. ఆ పేరు నాదేనని తట్టడానికి కాసేపు పట్టింది. అప్పుడు కిందికి చూసుకున్నాను. నా కుడిచెయ్యి కుండీ అంచు మీద ఉంది. మణికట్టు దాకా తడి. కుండీ నిటారుగా ఉంది, లోపల చెంబుడు నీళ్లు తళతళలాడుతున్నాయి.

తాడు లాగినప్పుడు కుండీ ముందుకి కాదు, పక్కకి ఒరుగుతుంది. వృథా కాలువ పక్కనే ఉంది కదా. పక్కకి ఒరిగిన కుండీని నా చెయ్యి పట్టేసుకుంది. నన్ను అడగలేదు. నాకు చెప్పలేదు.

"గొట్టాలు విప్పండి" అన్నారు హైమవతిగారు. ఆవిడ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. ఆవిడా చాలా రోజులుగా పడుకోలేదు.

"అమ్మగారూ!" అని లేచాను. "డిజైను తప్పు కాదండి! నా చెయ్యండి! ఇదిగోనండి, తడి చూడండి! మా అమ్మాయి గీసిన గీత బంగారమండి! నన్ను పంపించెయ్యండి, గొట్టాలు మాత్రం విప్పించకండి!"

"కూర్చోండి ఆదెయ్యగారూ." ఆవిడ మా అమ్మాయివైపు తిరిగారు. "నువ్వు చెప్పమ్మా. తప్పు డిజైనుదా, చేతిదా?"

తాయారు నాకేసి చూడలేదు. చూస్తే ఏడుస్తుందని నాకు తెలుసు, దానికీ తెలుసు.

"డిజైనుదేనండి. కుండీ పక్కకి ఒరుగుతుందని కాగితం మీద రాశాను. బల్ల మీద కూర్చునేవాళ్లకి పక్కకి ఒరిగితే పట్టుకోమనే కదా నేర్పించేది. ఆ సంగతి చిన్నప్పటి నుంచి చూస్తున్నదాన్ని నేనే మర్చిపోయాను."

"నేనూ పట్టుకోబోయానండి" అన్నాడు అబ్బులు. "చేతిలో బీడీ ఉంది. లేకపోతే పదహారువేలు కూడా మిగిలేవి."

ఎవరో పకపక నవ్వారు. హైమవతిగారు అబ్బులుకేసి చూశారు. "పని మీద బీడీ కాలుస్తున్నారా?"

"ఇవాళ్టికి అదే మంచిదైందండి."

"మనుషుల్ని బల్లల మీంచి దింపి ఇంకొక్కసారి పరీక్ష చెయ్యనివ్వండి" అంది తాయారు. "ఆటు మొదలవడానికి ఇంకా కాస్త వ్యవధి ఉంది."

"కావలి లేకుండా కుండీ నడవకూడదు. ఆ రూలు నేను మార్చలేను. నిజంగా గాలికి ఒరిగితే చూసేవాళ్లుండాలి."

"చూడ్డానికి కళ్లు చాలండి. ఒరిగితే అరుస్తారు. చేతులు కట్టేసుకుని కూర్చుంటారు."

హైమవతిగారు సముద్రంవైపు చూశారు. గట్టు అవతల తడి ఇసుక అప్పుడప్పుడే కనబడుతోంది. ఆవిడ అటు చూసిన కాసేపు నాకు, ఈ ఉద్యోగంలో నేను కూర్చున్న సేపంతటికన్నా పెద్దదనిపించింది.

"మనిషి చేతి లెక్కకి తలుపు కదలకూడదని కదా మన రూలు" అన్నారు చివరికి. "ఇందాకటిది చేతి లెక్కే. పరీక్ష కిందికి రాదు. కట్టుకోండి చేతులు."

అందరూ కండువాలు, తువ్వాళ్లు తీశారు. ఒకరికొకరు కట్టుకున్నారు. పై బల్ల మీది అబ్బులు, "పెళ్లిలో కూడా నన్నిలా కట్టలేదు బాబాయ్" అంటూనే ఉన్నాడు. హైమవతిగారు పైకెక్కి ఒకటమ్మ చెంబు తనే తీసుకున్నారు. నా దగ్గరికి మా అమ్మాయి వచ్చింది.

"గట్టిగా కట్టమ్మా."

"నొప్పెడుతుంది నాన్నా."

"కట్టు. నా చేతుల సంగతి నీకు తెలియదు."

"ఎందుకు తెలియదు? ఈత నేర్పినప్పుడు ఒక్కసారీ నన్ను వదల్లేదు నువ్వు" అంది. ముడి వేసింది. ఇంకో ముడి వేసింది. చెయ్యి మీద ఒకసారి తట్టి, కిందికి దిగిపోయింది.

నా కుండీలో మిగిలిన నీళ్లు పారబోసి, పక్క తూముల్లోంచి తలో చెంబూ వదిలారు. ఇరవై నాలుగు జెండాలూ మళ్లీ లేచాయి. హైమవతిగారు చెంబు వంచారు.

చెక్కలు టకటక. గొట్టం జరజర. ఈసారి నేను వినలేదు, కుండీనే చూశాను. తాడు బిగిసింది. నా కుండీ ఉలిక్కిపడ్డట్టు కదిలి పక్కకి ఒరిగింది. నా భుజాలు రెండూ ముందుకి పోయాయి. కండువా మణికట్లు కోసింది. నోట్లోంచి "అయ్యో" అని వచ్చేసింది. పట్టుకోలేకపోయాను. కుండీ ఒరిగింది, ఇంకా ఒరిగింది, చెంబుడు నీళ్లూ వృథా కాలువలో పోసేసి, ఏమీ జరగనట్టు మెల్లిగా నిలబడింది.

దాని మీది జెండా పడుకుంది. అడుగున గంట మోగింది.

హైమవతిగారు పైనుంచి కిందికి ఒక్కొక్క కుండీ దగ్గరా ఆగి లోపలికి చూస్తూ దిగారు. నా దగ్గర ఇంకొంచెం ఎక్కువసేపు చూశారు. అడుగుకి చేరి చదివారు. "సున్నా."

ఎవరూ అరవలేదు. ఒకసారి అరిచి మోసపోయాం కదా. ఆవిడే అన్నారు: "చుక్కల గడియారం చిల్లు పెద్దది చెయ్యండి. మొదటి తలుపు లెక్క మొదలుపెట్టండి. చేతులు అలాగే ఉంచండి." అప్పుడు అరిచాం.

పగలంతా చేతులు కట్టుకునే కూర్చున్నాం. మంచినీళ్లు మా పేట పిల్లలు తాగించారు. గంట తర్వాత గంట, ఊపిరి తీసుకునే సందు లేకుండా. పూర్వం ఖాళీగా కూర్చుని అలిసిపోయేవాణ్ణి, ఇవాళ చూసి చూసి అలిసిపోయాను. ఏడో తలుపు లేచినప్పుడు కింది పేట వైపు నుంచి కేక వినిపించింది. ఎనిమిది, తొమ్మిది. పన్నెండోది లేచాక కూడా సముద్రం ఇంకా వెనకే ఉంది.

కృష్ణ పాడ్యమి, పగటి కావలి

రాత్రి ఇంటికెళ్లేసరికి గుమ్మంలో బురద. నీళ్లు లేవు! గోడ మీద, మంచం పట్టీ ఎత్తున, నల్లటి చార ఉంది. సుభద్ర మూటలు విప్పుతూ, "విప్పడానికి ఎవరూ రారు, కట్టేటప్పుడు వద్దనడానికి మాత్రం వస్తారు" అంది. పొయ్యి నేల మీద పెట్టింది. తడి కట్టెలు, ఇల్లంతా పొగ. పక్కింటివాళ్లు పసిపిల్లని ఉట్టిలోంచి దింపారు. అదేమో ఉట్టికే అలవాటుపడి నేల మీద ఏడుపు.

తాయారు అన్నం ముందు కూర్చుని, ముద్ద కలిపి, కలిపిన చెయ్యి కంచంలోనే ఉండగా నిద్రపోయింది. సుభద్ర లేపబోతే వద్దన్నాను. చెయ్యి నేనే కడిగాను. పెద్ద డిజైనరు చెయ్యి! వేళ్లకి వెదురు పేళ్లు గుచ్చుకుని ఉన్నాయి. రెండు తీశాను. మిగతావి కనబడలేదు, నా కళ్లకి.

ఇవాళ పొద్దున హైమవతిగారు నా బల్ల దగ్గర ఆగి, నిన్నటి పేజీ చదివారు. మొత్తం చదివారు. "మీ ఇంటి వివరం చాలా ఉంది ఇందులో" అన్నారు. తర్వాత, "కొత్తవాళ్లకి మొదటి పాఠం మార్చి రాయండి" అన్నారు. అందుకని రాస్తున్నాను.

ఈ బల్ల మీద కూర్చోబోయేవారికి: తాడు బిగిసి కుండీ పక్కకి ఒరిగితే పట్టుకోకండి. అది పడిపోవడం లేదు, పని చేస్తోంది. గాలికి ఒరిగితే మాత్రం కేక వెయ్యండి. తేడా తెలియడానికి తాడుని చూడండి. చెయ్యి వినకపోతే కొన్నాళ్లు కట్టుకోండి, సిగ్గుపడకండి. మేం ఇరవై నాలుగుమందిమీ కట్టుకున్నాం.

నాకు ఇవాళ కండువా అక్కర్లేదన్నాను. అబ్బులు నమ్మలేదు, పై నుంచి నన్నే కనిపెట్టి చూస్తున్నాడు. కుండీ చాలాసార్లు ఒరిగింది. ప్రతిసారీ భుజం కదిలింది. మణికట్ల మీద నిన్నటి వాతలు మండుతున్నాయి. నడుం నొప్పి అలాగే ఉంది. నిద్ర ముంచుకొస్తోంది.

కుండీ శుభ్రం. ఇరుసుకి నూనె వేశాను. చేతులు పొడిగా ఉన్నాయి.